ఒకే ఒక్క ఆప్షన్

నేను జీతం తీసుకున్నది జువాలజీ చెప్పినందుకు. కప్ప గుండెలో ఎన్ని గదులుంటాయో, బొద్దింక ఎలా ఊపిరి తీసుకుంటుందో చెబుతూ అరకు దగ్గర ఆడపిల్లల గురుకుల జూనియర్ కాలేజీలో సర్వీసంతా గడిపేశాను. కానీ అక్కడ నువ్వు నిజంగా చేసిన పనేమిటమ్మా అని ఎవరైనా అడిగితే, కొండపిల్లల్ని మెడికల్ కాలేజీ గుమ్మం దాకా తీసుకెళ్లి లోపలికి నెట్టడం అని చెబుతాను. ఆ పనికి ఉత్తర్వులేవీ లేవు. టైంటేబుల్లో పీరియడూ లేదు. ఎవరో ఒకరు చెయ్యాలి కాబట్టి చేశాను, అంతే.

రిటైరయ్యాక కిందకి, విజయనగరం వచ్చేశాను. ఇప్పుడు మన్యం కాలేజీల్లో కొత్తగా చేరిన లెక్చరర్లు ఫోన్ చేసి అడుగుతుంటారు, ‘మేడం, నీట్ పిల్లల సంగతి మీరెలా చూసేవారు?’ అని. ప్రతివాళ్లకీ మొదటి నుంచీ చెప్పే ఓపిక నాకు లేదు. అందుకే రాస్తున్నాను. నా నోరు మంచిది కాదని మా స్టాఫ్ రూమ్‌లో పేరు. ఇందులోనూ అది కనిపిస్తే సర్దుకోండి.

పుస్తకం కన్నా ముందు

కొండపిల్లలకి నీట్‌లో ఫిజిక్స్ కష్టమని అందరూ అంటారు. ఫిజిక్స్ ఎవరికి కష్టం కాదు? మా పిల్లలకి అంతకన్నా ముందే ఒక పరీక్ష ఉంటుంది. తను తనేనని కాగితాల మీద చూపించుకోవాలి.

ఇంట్లో శుక్రవారం పుట్టింది కనక సుక్రి అంటారు. బళ్లో చేర్చినప్పుడు పంతులుగారు కాస్త అందంగా ఉంటుందని సుకన్య అని రాస్తారు. ఆధార్ తీసినాయన ఆ రోజు హడావుడిలో సుక్కన్న అని కొట్టేస్తాడు. నా దగ్గరికొచ్చేసరికి ఆ గుంట ఇంట్లో సుక్రి, బళ్లో సుకన్య, ఆధార్‌లో మగపిల్లాడు. ఇది నవ్వుకోవడానికి చెప్పడం లేదు. ఇలాంటి తేడాతో ఫిబ్రవరిలో దరఖాస్తు పెట్టబోతే తిరగాల్సిన ఆఫీసులు చూసి తండ్రి దండం పెట్టి ఇంటికెళ్లిపోతాడు. అందుకని ఫస్టియర్‌లో పిల్ల ట్రంకుపెట్టె దించగానే పుస్తకాలకన్నా ముందు కాగితాలు చూడండి. కుల ధ్రువీకరణ, ఆధార్, పదో తరగతి మార్కుల జాబితా, మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం కలపండి.

రెండోది ఫోను. అరకు బజార్లో నెట్ సెంటర్ పెట్టుకున్న శ్రీను అని కిందనుంచి వచ్చిన కుర్రాడు ఉండేవాడు. మంచివాడే. పిల్లల దగ్గర ఫోన్లు లేవని అందరి దరఖాస్తుల్లోనూ తన నంబరే ఇచ్చేవాడు. ఒక ఏడాది సరిగ్గా దిద్దుబాట్లు చేసుకోవాల్సిన రోజుల్లో చెల్లెలి పెళ్లికని ఫోను పట్టుకుని పోయాడు. పిల్లలందరి ఓటీపీలూ పెళ్లి పందిట్లో మోగుతున్నాయి! నేను ఫోన్ చేసి తిడుతుంటే వెనకాల మేళం వినిపిస్తోంది. ‘ఉండండి మేడం, తాళి కట్టేత్తన్నారు’ అంటాడు వాడు. ఆ తర్వాత నేను నంబరు పిల్ల ఇంట్లోదైతేనే దరఖాస్తు ముట్టుకునేదాన్ని. సిగ్నల్ లేని ఊరైతే ఏ గట్టెక్కితే వస్తుందో అది కూడా ముందే కనుక్కునేదాన్ని.

ఇద్దరు ప్రిన్సిపాళ్లు

నా పైన ప్రిన్సిపాళ్లుగా చాలామంది పనిచేశారు. ఇద్దరి గురించే చెబుతాను.

మొదటాయన చదువుకున్న మనిషి. పిల్లలంటే ప్రేమే. నేను దరఖాస్తుల కట్ట పట్టుకెళితే కళ్లద్దాలు తీసి, ‘ఎందుకమ్మా వీళ్లకి అంత ఆశ పెడతారు? నర్సింగ్ చాలు. చక్కగా ఉద్యోగమొస్తుంది’ అనేవారు. నర్సింగ్ తక్కువ పనని నేనెప్పుడూ అనను. మా పిల్లలు చాలామంది అందులోనే ఉన్నారు, నిక్షేపంలా చేస్తున్నారు. కానీ ‘చాలు’ అని చెప్పడానికి ఆయనెవరు? నేనూ ఆ మాటే అడిగాను. ఆ తర్వాత ఏడాది పొడుగునా నాకు హాస్టల్ మెస్ డ్యూటీ వేశారు.

రెండో ఆవిడకి నీట్ గురించి ఏమీ తెలీదు. తెలీదని చెప్పేసేది కూడా. కంప్యూటర్ గది తాళం నా చేతిలో పెట్టి, ‘నాకిది అర్థం కాదు. మీరు చూసుకోండి. సంతకం ఎక్కడ కావాలో అక్కడ చెయ్యి చూపించండి’ అంది. నా సర్వీసులో అంత మంచి బాసుని మళ్లీ చూడలేదు.

గేటు దగ్గర

పరీక్ష విశాఖలో. లోహపు వస్తువులతో లోపలికి వెళ్లనివ్వరు. మా పిల్లల్లో కొందరికి ముక్కుకి రెండు పక్కలా పోగులుంటాయి. చిన్నప్పుడెప్పుడో కుట్టించినవి, బిగుసుకుపోయి ఊడవు. ఒక ఏడాది గేటు బయట కొబ్బరినూనె సీసా పట్టుకుని కంసాలి పని నేనే చేశాను. పిల్ల కళ్లలో నీళ్లు. పరీక్ష రాయబోయే పిల్లకి అదేం ఆరంభం చెప్పండి? వారం ముందే అరకులో కంసాలి దగ్గరికి తీసుకెళ్లి తీయించెయ్యండి.

ఇంకో పిల్లకి మోచేతికి తాడుంది. ఊరి దిసారి కట్టాడట. మా కొండల్లో పూజ చేసేదీ, మంచిరోజు చెప్పేదీ, జబ్బుకి మందు చూసేదీ ఆయనే. గేటు దగ్గర విప్పమన్నారు. పిల్ల బిగుసుకుపోయింది. పక్కనున్న తల్లిదండ్రులు ఈ కాలంలో ఇదేమిటని నవ్వారు. నాకు ఒళ్లు మండింది. వాళ్ల పిల్లలు పొద్దున్నే గుడికెళ్లి బొట్టు పెట్టుకుని వచ్చినవాళ్లేగా! ‘ఇలా ఇవ్వవే. నువ్వొచ్చేదాకా కింద పెట్టను’ అని తాడు తీసుకున్నాను. ఎండలో గోడవార కూర్చుని పరీక్షయ్యేదాకా పిడికిట్లోనే పట్టుకున్నాను. నాకు దాని మీద నమ్మకం ఉందా లేదా అన్నది అక్కడ ప్రశ్న కాదు. లోపల పిల్ల స్థిమితంగా రాయాలి.

అన్నీ అడిగితే బాగోదు

ర్యాంకు వచ్చాక అసలు పని మొదలవుతుంది. వెబ్ ఆప్షన్లు పెట్టాలి, అంటే ఏయే కాలేజీలు కావాలో వరసగా చెప్పాలి. కంప్యూటర్ ర్యాంకు ప్రకారం ఒక్కొక్కరినీ తీసుకుని, వాళ్ల వరసలో పైనుంచి చూసుకుంటూ వచ్చి, ముందు ఏది ఖాళీగా కనిపిస్తే అది ఇచ్చేస్తుంది. పైన పెద్ద కాలేజీ పెట్టినంత మాత్రాన కిందది పోదు. ఎన్ని పెడితే అన్ని తలుపులు తట్టినట్టు. ఇంతే సంగతి.

ఇంత చిన్న సంగతి మా పిల్లలకి ఎక్కించడానికి నా గొంతు పోయేది. కిందివాళ్ల పిల్లలు రాష్ట్రంలో ఉన్న కాలేజీలన్నీ నింపేసి వస్తారు. మా గుంటలు రెండో మూడో పెట్టి చేతులు ఒళ్లో పెట్టుకుంటారు. ‘ఇంకా పెట్టవే’ అంటే ఒకతె నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది. ‘అన్నీ అడిగితే బాగోదు గదా మేడం.’ వాళ్లిళ్లలో వడ్డించేటప్పుడు ఇంకా కావాలని అడగరు. ఇచ్చింది తింటారు. ఆ పెంపకం కంప్యూటర్ ముందు కూడా వదల్లేదు.

ఎందుకింత చెబుతున్నానంటే, నా ఆఖరి ఏడాదిలో సుభద్ర, దమయంతి చేసిన పని మీకు అర్థం కావాలంటే ఇది తెలియాలి.

నేస్తం

ఇద్దరివీ డుంబ్రిగుడ అవతల ఊళ్లు. మధ్యలో ఒక గెడ్డ, అంటే కొండవాగు, అంతే దూరం. ఇద్దరూ ఆరో తరగతి నుంచీ ఒకే హాస్టల్లో పెరిగారు. ఊరి పండగలో పెద్దల ముందు గాజులు మార్చుకుని నేస్తం కట్టారు. కింద మనం అనుకునే స్నేహం లాంటిది కాదు ఇది. నేస్తం కట్టాక ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు, ‘నేస్తం’ అనే పిలవాలి. ఆమె అన్న ఈమెకీ అన్నే. ఒకరింట్లో చావొస్తే రెండో ఇంట్లో పొయ్యి వెలగదు. అన్నిటికన్నా పెద్ద కట్టడి ఇంకోటుంది. నేస్తం నోరు తెరిచి ఏదైనా అడిగితే కాదనకూడదు. కాదనకూడదు కనకే ఎవరూ తొందరపడి అడగరు. ఏళ్లూ పూళ్లూ గడిచినా ఒక్కటీ అడగని నేస్తాలుంటారు.

సుభద్ర గలగలా మాట్లాడుతుంది, తప్పైనా గట్టిగా చెబుతుంది. దమయంతి ముందు విని, తర్వాత ఆలోచించి, ఆ తర్వాత మాట్లాడకుండా ఊరుకుంటుంది. సుభద్రకి మంచి ర్యాంకొచ్చింది. సముద్రం పక్కనున్న పాత కాలేజీలో సీటు ఖాయం. దమయంతిది అంచుమీది ర్యాంకు. వస్తే కొండమీద కొత్తగా పెట్టిన కాలేజీలో రావాలి, లేదా ఎక్కడో దూరాన. పైగా ఆమెకిది రెండో ప్రయత్నం. మూడోసారి కూర్చోబెట్టే ఏర్పాటు మా దగ్గర లేదు. ఈ ఏడాది రాకపోతే ఇంటికెళ్లి కాఫీ పళ్లు కోసుకోవాల్సిందే.

ఆప్షన్లు పెట్టే వారం నేను కింద బంధువుల పెళ్లికి వెళ్లాల్సి వచ్చింది. వెళ్లేముందు ఇద్దరినీ కూర్చోబెట్టి కాలేజీలన్నీ వరసగా రాయించాను. ‘ఇదే వరస. ఒక్కటి కూడా వదలొద్దు’ అన్నాను. ఇద్దరూ బుద్ధిగా తలాడించారు. నేనటు బస్సెక్కగానే ఇటు శ్రీను దగ్గరికెళ్లి ఇద్దరూ ఒకే ఒక్క ఆప్షన్ పెట్టి వచ్చేశారు. కొండమీది కాలేజీ. మరింకేమీ లేదు. ఒక్కటే పెడితే ఇద్దర్నీ విడదీయలేరని వాళ్ల లెక్క.

జాబితా వచ్చింది. సుభద్రకి కొండమీది కాలేజీలో సీటొచ్చింది. దమయంతికి ఎక్కడా రాలేదు. ఆమె దగ్గరికి వచ్చేసరికి అక్కడ సీట్లయిపోయాయి. సుభద్ర పాత కాలేజీకి వెళ్లి ఉంటే కొండమీద ఒకటి మిగిలేది, అది దమయంతికి వచ్చేది. నేస్తంతో కలిసుండాలని వెళ్లి నేస్తం సీటులోనే కూర్చుంది! ఇంత కాలం ఈ పని చేశాను గానీ ఇలాంటి తప్పు నా ఊహక్కూడా అందలేదు.

ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టి నోటికొచ్చినట్టు తిట్టాను. దమయంతి తల వంచుకుంది. సుభద్ర మాత్రం నా కళ్లలోకి చూసి ఒక్కటే మాటంది.

‘నాను సేరను మేడం.’

‘ఏమిటీ?’

‘నేస్తానికి నేదు గదా. నాకూ వొద్దు.’

ఆ మాట అని ఊరికి వెళ్లిపోయింది.

గెడ్డ అవతల

ఇక్కడ మీకు నిబంధన చెప్పాలి. ఆ ఏడాది నియమం ప్రకారం మొదటి విడతలో సీటొచ్చి చేరకపోతే తర్వాతి విడతల్లోకి రానివ్వరు. చేరితే మాత్రం రెండో విడతలో ఇంకా మంచి కాలేజీ అడగొచ్చు. అది వస్తే మొదటి సీటు ఖాళీ అయి, వెనకున్నవాళ్లకి వెళుతుంది. నియమాలు ఏటేటా మారతాయి, ప్రాస్పెక్టస్ మీరే చదువుకోండి, నా మాట పట్టుకోకండి. కానీ ఆ ఏడాది సంగతి అది. సుభద్ర చేరాలి. చేరి, రెండో విడతలో పాత కాలేజీ అడగాలి. అప్పుడు ఇద్దరికీ దారుంది. చేరకపోతే బంగారం లాంటి ర్యాంకు గెడ్డపాలు.

గడువు దగ్గరపడుతోంది. సుభద్ర ఊరికి వెళ్లాను. ముసురు పట్టి ఉంది. చేలో ఆడాళ్లంతా గొంగళ్లు కప్పుకుని చోళ్లకి, అదే రాగులకి, కలుపు తీస్తున్నారు. సుభద్ర కూడా వాళ్లలో ఉంది. నన్ను చూసి నవ్వింది గానీ లేవలేదు. గంట సేపు చెప్పాను. బతిమాలాను, భయపెట్టాను. ఆఖరికి వాళ్లమ్మని పట్టుకున్నాను.

‘నువ్వైనా చెప్పమ్మా! నీ కూతురు డాక్టరవ్వాల్సిన పిల్ల!’

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది. ‘నాకూ ఉంది మేడంగారూ ఆశ. ఏటి సెయ్యను? ఆళ్లిద్దరి మద్దెకి మేం రాకూడదు. అమ్మైనా రాకూడదు. నేస్తం సెప్పాల.’

అంటే దమయంతి చెప్పాలి. ఆమె అడిగితే సుభద్ర కాదనలేదు. ఇంత సులువైన ఉపాయం నాకు ముందే తట్టలేదేమిటా అనుకుంటూ, మర్నాడు సంతరోజు కావడంతో డుంబ్రిగుడ సంతకి వెళ్లాను. దమయంతి తల్లితో కలిసి కూర వండుకునే లేత వెదురు కొమ్ములు అమ్ముతోంది. కుప్ప పక్కనే గోనె మీద కూర్చుని సంగతంతా చెప్పాను. సుభద్రని చేరమని అడుగు, రెండో విడతలో పాత కాలేజీకి వెళ్లమని అడుగు, కొండ సీటు ఖాళీ అవుతుంది, నీకే రావచ్చు.

ఆమె నేను చెప్పడం ముగించకముందే అంతా గ్రహించింది. కొమ్ముల పైపొర వలుస్తూ, ‘నాను అడిగితే నేస్తం కాదనదు మేడం’ అంది.

‘అదేగా నేను చెప్పేది!’

‘అందుకే అడగను.’

‘ఏమే?’

‘కొండ సీటు నాకు కావాల. దాన్ని లెగిసి ఎల్లిపోమని నానే అడిగితే, నా కోసం అడిగినట్టే గదా? నేస్తం దగ్గర అలాగ అడక్కూడదు.’

‘మరి అది చేరకపోతేనో? ఇద్దరూ మట్టిగొట్టుకుపోతారా?’

ఆమె ఇంకో కొమ్ము అందుకుంది. నాకు కోపం ఆగలేదు. సంతలో పదిమందీ చూస్తున్నారని కూడా లేకుండా, ‘మీ నేస్తరికం తగలెయ్య! మీ ఇష్టమొచ్చినట్టు చావండి!’ అని అరిచి లేచి వచ్చేశాను. బస్సులో కూర్చున్నాక ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున్నే కాలేజీ గేటు దగ్గర దమయంతి నిలబడి ఉంది. తడిసి ముద్దయింది. ‘బేగి రండి మేడం. నేస్తం ఊరెల్దాం. అడుగుతాను’ అంది. రాత్రికి రాత్రి ఏమి మారిందో నేనడగలేదు. ఎక్కడ మనసు మార్చుకుంటుందోనని భయం. ఆటో మాట్లాడి తీసుకెళ్లాను.

సుభద్ర చేలోనే ఉంది. దమయంతి గట్టు మీద నిలబడి పిలిచింది. ‘నేస్తం, ఇలాగ్రా. ఒకటి అడుగుతాను.’

ఆ మాటకి చేలో అందరి చేతులూ ఆగిపోయాయి. వాళ్లకి తెలుసు అదేం మాటో. సుభద్ర మొహం పాలిపోయింది. బురద కాళ్లతో వచ్చి ఎదురుగా నిలబడింది.

‘నువ్వు సేరాల. సేరి, రెండో పాలి కిందకి, సముద్రం కాలేజీకి ఎల్లిపోవాల.’

సుభద్రకి ఒక్కసారిగా కోపం వచ్చింది. ‘ఇన్నేళ్లూ ఒక్కటీ అడక్క, అడిగి అడిగి ఇదా నువ్వడిగింది? నన్ను ఎల్లిపోమనా?’

‘ఇదే.’

సుభద్ర నా వైపు తిరిగింది. ‘నానెల్తే ఆ సీటు నేస్తానికి వత్తాదా మేడం?’

‘రావచ్చు. వరసలో ముందున్నది అదే.’

ఆ మాట వినగానే దాని మొహం విప్పారింది. ‘అలాగ సెప్పు మరి! ఎల్తాను’ అని నేస్తాన్ని వాటేసుకుంది. దమయంతి అవుననలేదు, కాదనలేదు. నాకప్పుడు అదేమీ పట్టలేదు. గడువులోపల సుభద్రని తీసుకెళ్లి చేర్పించడమే నాకు కావాల్సింది.

రెండో విడత

ఈసారి నేను ఎక్కడికీ కదల్లేదు. కంప్యూటర్ గదిలో నా పక్కనే కూర్చోబెట్టి ఇద్దరి చేతా పెట్టించాను. సుభద్రది అయిపోయింది, ఊరికెళ్లింది. దమయంతి ఒక్కొక్క కాలేజీ చక్కగా నింపుకుంటూ వచ్చింది. గోదావరి జిల్లాలు, కృష్ణ, గుంటూరు, ఏదీ వదల్లేదు. అబ్బ, ఇన్నాళ్లకి బుద్ధొచ్చిందే అనుకుని మురిసిపోయాను. చివర్లో ఒకసారి పైనుంచి సరిచూశాను. మళ్లీ చూశాను.

‘కొండ కాలేజీ ఏదే?’

‘ఎట్టనేదు మేడం.’

మర్చిపోయిందేమో అనుకుని నేనే చెయ్యి చాపాను. ఆ పిల్ల నా మణికట్టు పట్టుకుంది. ఫస్టియర్ నుంచీ నా ఎదుట నిలబడటానికే జంకే పిల్ల.

‘వొద్దు మేడం. నేస్తాన్ని లెగమన్న పీట మీద నానెలాగ కూకుంతాను?’

నాకు వెంటనే అర్థం కాలేదు. సంతలో నేను అరిచి వచ్చేసిన తర్వాత ఆ పిల్ల చేసిన ఆలోచన ఇదన్నమాట. ఆ సీటు మీద తన ఆశ తెంపేసుకున్నాకే అడగడానికి వచ్చింది.

‘పిచ్చిదానా, అది నీకోసమేగా సంతోషంగా లేచింది!’

‘దానికి తెలవదు గదా. నాకు తెలుసు.’

‘ఈసారి రాకపోతే నీకిక లేదు. తెలుసా?’

‘తెలుసు మేడం.’

గడువు ఆ సాయంత్రం దాకా ఉంది. పాస్‌వర్డు నాకు తెలుసు. ఆమె వెళ్లాక ఒక్కటి చేర్చి పెట్టడం ఎంతసేపు? కుర్చీలో కూర్చుని చాలాసేపు ఆలోచించాను. చేర్చలేదు. పిల్ల ఏం పోగొట్టుకోబోతోందో పూర్తిగా తెలిసేలా చెప్పడం మన పని. అది తెలిశాక కూడా ఒద్దంటే, ఆ తర్వాతది మనది కాదు. ఇది ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను గానీ ఆ సాయంత్రం నా చేతులు నాకు బరువైపోయాయి.

రెండో జాబితా వచ్చింది. సుభద్రకి పాత కాలేజీ. కొండ సీటు దమయంతి కింది ర్యాంకువాడికి వెళ్లింది. దమయంతికి ఎక్కడా రాలేదు.

నేనే ఫోన్ చేసి చెప్పాను.

‘కొండ సీటు ఎవులికి వచ్చింది మేడం?’

‘గూడెం కొత్తవీధి వైపు కొండల అబ్బాయికట.’

‘మనోడేనన్నమాట. మంచిదే మేడం.’ ఆ తర్వాత గొంతు మారింది. ‘ఇంక నాను రాను. ఆకరి పాలీ అదీ నాకొద్దు. సాలు.’

ఎంత చెప్పినా వినలేదు. ఆఖరి విడతకి మళ్లీ ఆప్షన్లు పెట్టాలి. ఆమె ఫోను ఎత్తడం మానేసింది. మనిషిని పంపితే ఇంట్లో లేదన్నారు. అసలు ఆ పిల్ల ఎప్పుడైనా ఏడ్చిందో లేదో నాకు తెలీదు. నేను మాత్రం ఏడ్చాను.

ఆఖరి విడత

కిందనుంచి సుభద్ర పొద్దుటి రైలెక్కి వచ్చింది. సరాసరి నా గదికి వచ్చి, ఫోన్లో కొండ కాలేజీ జాబితా నా మొహం ముందు పెట్టింది.

‘ఇతగాడి ర్యాంకు నేస్తం ర్యాంకు కన్నా కింద ఉంది. ఏటిది మేడం?’

దమయంతి చెప్పొద్దనలేదు, చెప్పమనీ అనలేదు. నేను చెప్పేశాను. సుభద్ర మంచం మీద కూలబడింది. మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని లేచి నిలబడింది.

‘అది నన్నడిగింది. నాను ఎల్లాను. ఇప్పుడు నా పాలి’ అంది.

ఇద్దరం గెడ్డ దాటి వెళ్లాం. దమయంతి వాకిట్లో వెదురు కొమ్ములు తరుగుతోంది. మమ్మల్ని చూసి సంగతి తెలిసిపోయిందని గ్రహించింది. కత్తి పక్కన పెట్టి, ‘నేస్తం, ఏటీ అడక్కు’ అంది.

‘అడుగుతాను.’

‘అడక్కే!’

‘ఎక్కడొచ్చినా సేరాల. ఎంత దూరమైనా ఎల్లాల. డాక్టరయ్యేదాకా సదువు ఒదిలేసి రాకూడదు.’

దమయంతి తల్లి గుమ్మంలో నిలబడి ఉంది. మధ్యకి రాలేదు. దమయంతి లేచి చేతులు కడుక్కుని, ‘పదండి మేడం, ఆప్సన్లు ఎట్టేద్దాం’ అంది.

కృష్ణ అవతల ఎవరో వదిలేసిన సీటొచ్చింది. ఆమె ఊరినుంచి అక్కడికి బస్సు, రైలు, మళ్లీ బస్సు. అమ్మ మాట్లాడే భాష అక్కడ ఎవరికీ తెలీదు. ఆమె మాట్లాడే తెలుగుకి అక్కడ నవ్వుతారు. పండక్కి వచ్చి వెళ్లాలన్నా ప్రయాణానికే సెలవులు అయిపోతాయి.

విశాఖ స్టేషన్‌కి నేనూ వెళ్లాను. సుభద్ర కాలేజీనుంచి వచ్చి సంచులు రైల్లో పెడుతోంది. నాకింకా కడుపు మంట తగ్గలేదు. కొండమీద, ఇంటికి దగ్గర్లో, అమ్మ కళ్ల ముందు చదువుకోవాల్సిన పిల్ల. ఉండబట్టలేక మళ్లీ నోరు జారాను. ‘ఎంత దూరం పోతున్నావే తల్లీ! చేతిలోకి వచ్చిన సీటు వదిలేసి ఎక్కడికి పోతున్నావే!’

దమయంతి నా కాళ్లకి దండం పెట్టి లేచింది.

‘నేస్తం అడిగింది గదా మేడం. ఎల్లాల’ అని రైలెక్కింది.